పంటు మీద ఆవిడని ఎవరూ పలకరించలేదు

రాజోలు వైపు నుంచి వచ్చిన ఉత్తరం ఇది. రాసినామెకు ముప్ఫయ్యారేళ్లు. పుట్టిల్లు గోదావరి అవతలి ఒడ్డున, నరసాపురం దగ్గర. మేనత్త కొడుకునే చేసుకుంది. జెమినీ టీవీలో 2008 నుంచి 2013 దాకా వచ్చిన ‘మొగలిరేకులు’ అంటే ప్రాణం. డిగ్రీ రోజుల్లో పుట్టింట్లో మొదలుపెట్టి, కాపురానికి వచ్చాక అత్తయ్య పక్కన కూర్చుని పూర్తిచేసింది. ఇప్పుడు ఫోన్లో మళ్లీ మొదటి నుంచి చూస్తూ, ఆ ఊపులో తనే ఒక సీరియల్ కథ రాసి, చదివి రికార్డు చేసి, పన్నెండేసి నిమిషాల భాగాలుగా బంధువుల వాట్సాప్ గ్రూపులో పెడుతోంది. ఏడు భాగాలయ్యాయి.

కథ వాళ్ల అత్తయ్యదే. 1986లో, భర్త చెయ్యి చేసుకున్నాడని ఏడాది పిల్లాణ్ని చంకనేసుకుని చెల్లెలు పుట్టింటికి వచ్చేస్తుంది. ఆగస్టు వరదలు తీశాక అన్న ఆమెను పంటు (రేవు దాటించే పెద్ద పడవ) మీద గోదావరి దాటించి మళ్లీ అత్తారింట్లో దింపి వస్తాడు. ఆ అన్న, ఉత్తరం రాసినామె నాన్నగారు. ఆ పిల్లాడు, ఆమె భర్త.

ఆమె అడిగినవి ఇవి: భాగాన్ని ఎక్కడ ఆపితే అందరూ ఎదురుచూస్తారు? చనిపోయాడనుకున్న పాత్రని తిరిగి తేవచ్చా? ఎనిమిదో భాగంలో ఏ ట్విస్ట్ పెట్టాలి? సంక్రాంతికి నాన్నగారు వచ్చినప్పుడు మొత్తం వినిపించాలని ఉంది, ఎలా ముగించాలి?

అమ్మా,

ట్విస్ట్ సంగతి వదిలెయ్యండి. అయిదేళ్లు నడవాల్సిన సీరియల్‌కి పోయినవాళ్లు తిరిగి రావాల్సిన అవసరం పడుతుంది. మీ కథకి పడదు. ఎక్కడ ఆపాలో మీకు నేను చెప్పేదేముంది? హరికథలు విన్న ఊళ్లో పెరిగారు. సరిగ్గా ఏమవుతుందోనని మనం ముందుకు వంగే చోట దాసుగారు కథ ఆపి, అందరి చేతా గోవింద కొట్టించి, పాట ఎత్తుకుంటారు. ఆ పట్టు మీ ఏడు భాగాల్లోనూ ఉంది.

నన్ను పట్టుకున్నది వేరే. మూడో పేజీ అంచున, ఇంకో రంగు పెన్నుతో ఇలా రాశారు: “ఏడో భాగం విన్నాక అత్తయ్య ఒక్కటే మాట అన్నారు. ‘పంటు మీద మీ నాన్న నాతో ఒక్క ముక్క మాట్లాడలేదే అమ్మాయ్’ అని లేచి వెళ్లి పడుకున్నారు. అప్పట్నుంచి టీవీ దగ్గరికి రావడం లేదు.” దాని కింద వెంటనే, ఎనిమిదో భాగంలో యాక్సిడెంట్ పెడితే ఎలా ఉంటుందని అడిగారు.

ఆ మాట దగ్గర మీరు ఆగలేదు. నేను రెండు రోజులు అక్కడే ఉండిపోయాను.

ఉత్తరంతో పాటు పంపిన ఏడు భాగాలూ చదివాను. ఏడోదాంట్లో ఎర్రటి గోదావరి, నీళ్లలో కొట్టుకొస్తున్న కొబ్బరి మట్టలు, సఖినేటిపల్లి రేవు దగ్గరపడుతుంటే అన్న కళ్లు తుడుచుకోవడం, పిల్లాడికి ఎండ తగలకుండా కండువా కప్పడం. ‘నన్ను తిట్టుకున్నా పర్లేదమ్మా, నీ కాపురం నిలబడితే చాలు’ అంటాడు. చదువుతుంటే నాకూ గొంతు పట్టేసింది. కానీ ఆ మాట ఆ రోజు అక్కడ ఎవరూ అనలేదని, అక్కడున్న మనిషే మీతో చెప్పింది. కండువా కప్పారో లేదో మీకు తెలీదు. అప్పటికి మీరు పుట్టలేదు.

అత్తయ్య కథ తీసుకుని, అందులోని మంచితనమంతా నాన్నగారి పేరున రాసేశారు. అసలు చిక్కు ఇదే, తక్కినవన్నీ దీని చుట్టూ అల్లుకున్నవి.

ఆ సీరియల్ ఎందుకు నచ్చిందో మీరే నాలుగు పేజీలు రాశారు. హడావుడి లేకుండా మనుషులు కూర్చుని మాట్లాడుకుంటారని, ఒకరు మాట అన్నాక కెమెరా విన్నవాళ్ల మొహం మీద నిలబడుతుందని, సెల్వస్వామి లాంటివాడికి కూడా తన గోడు చెప్పుకునే చోటు ఇచ్చారని. సరిగ్గా చూశారు. దాన్ని తీసిన మంజులా నాయుడుగారి ‘ఋతురాగాలు’ దూరదర్శన్‌లో వచ్చినప్పుడు మా ఇంట్లో వంట ముందే ముగించుకునేవాళ్లం, ‘చక్రవాకం’ రోజుల్లోనూ అంతే. ఆవిడ కథల్లో మాట ఎవరికి తగిలిందో అటు చూడటం ముఖ్యం. ఆ పద్ధతి మీకు చేతికొచ్చింది. అయితే మీరు ఎవరి వైపు చూశారు? మీ ఏడు భాగాల్లో అయిదు అన్న మొహం మీద ఆగాయి. రెండు గోదావరి మీద. చెల్లెలి మొహం మీద ఒక్కటీ ఆగలేదు.

బుర్రకథలో కథకుడికి అటూ ఇటూ ఇద్దరు వంతలు ఎందుకుంటారు? తందాన తాన అనడానికే అయితే ఒకరు చాలు. కథకుడు దూసుకుపోతుంటే మధ్యలో ఆపి ‘అయితే అప్పుడా తల్లి ఏమంది?’ అని మన తరఫున అడిగేది వాళ్లే. మీ కథలో ఆ అడిగే మనిషి లేదు. పుట్టింటికి వచ్చిందే గానీ ఆమెను ఎవరూ ఏమీ అడగలేదు. వదిన అన్నం పెట్టింది, తల్లి ఏడ్చింది, అన్న ఆలోచించాడు. 1986లో ఆవిడకి జరిగింది అదే. ఇన్నేళ్ల తర్వాత, కథ చెప్పే అవకాశం సొంత మేనకోడలి చేతికి వచ్చినా మళ్లీ అదే జరిగింది. పైగా గ్రూపులో ‘అన్నయ్యది వెన్నలాంటి మనసు’, ‘అచ్చం మా బావే’ అని పొగడ్తలు. ఆవిడ చేతిలోనూ ఫోన్ ఉంది. చదువుకోదా?

నాన్న మీద ప్రేమ తప్పని నేననను. ఆ రోజుల్లో ఆ పరిస్థితిలో చెల్లెల్ని తిరిగి దింపని అన్నలు మన వైపు ఎంతమంది ఉన్నారు? ఆయన్ని దుర్మార్గుణ్ని చెయ్యమని అడగడం లేదు. కానీ ‘అన్న కాపురం నిలబెట్టాడు’ అనే మాట నాకు మింగుడు పడదు. ఆయన దింపి, తర్వాతి పంటుకి ఇంటికొచ్చేశారు. ఆ తర్వాత ఆ ఇంట్లో తెల్లవారినవన్నీ ఆవిడవి. మీ మావయ్యగారు పోయే వరకూ చేసింది ఆవిడ, లేసు అల్లిన డబ్బుతో మీ బావని చదివించింది ఆవిడ. ఇవన్నీ మీ ఉత్తరంలోవే. కథలోకి మాత్రం రాలేదు.

ఇంకొకటి. అదే అన్న కూతుర్ని కోడలిగా అడగడానికి ఆవిడ మళ్లీ అదే రేవు దాటి, అదే గుమ్మం ఎక్కింది. ఎందుకు ఎక్కిందో ఎప్పుడైనా అడిగారా? అన్నని క్షమించిందా? పుట్టింటి దారి మూసుకుపోకూడదనుకుందా? ఆ ఇంటి ఆడపిల్ల ఒకతి తన దగ్గర భయం లేకుండా బతకాలనుకుందా? నాకు తెలీదు. ట్విస్ట్ ట్విస్ట్ అని నన్ను అడుగుతున్నారు, అది మీ పెళ్లిచూపుల్లోనే ఉంది.

లేసు సూది ఆడిస్తూ, ప్రకటనలు వచ్చినప్పుడల్లా కొంచెం కొంచెంగా ఈ సంగతులు మీకు చెప్పిందని రాశారు. కొడుక్కి కూడా చెప్పలేదు. కోడలికి చెబుతున్నాననుకుని ఉండదు ఆవిడ, పుట్టింటి పిల్లకి చెప్పుకుంది. మా పిన్ని ఒకసారి నాకు అలాగే ఒకటి చెప్పింది. బాగుంది కదా అని ఓ పెళ్లిలో పది మందిలో నేను చెప్పేశాను, అందరూ నవ్వారు కూడా. పిన్ని ఏమీ అనలేదు. పోయేదాకా మళ్లీ నాతో ఏ సంగతీ చెప్పుకోలేదు, ‘భోంచేశావా, ఎప్పుడొచ్చావు’ అంతే. ఇరవై ఏళ్లయింది, నాకు ఇంకా తీరలేదు. మీకు ఇంకా అవకాశం ఉంది, అందుకే ఇంత కటువుగా రాస్తున్నాను.

ఎనిమిదో భాగం ఆపండి. పాతవి గ్రూపులోంచి ఇప్పుడు తీసేద్దామన్నా అందరి ఫోన్లలోంచీ పోవు, దాని గురించి టెన్షన్ పడకండి. అక్కడ పెద్ద క్షమాపణలు కూడా రాయొద్దు, దానివల్ల అందరి కళ్లూ మళ్లీ ఆవిడ మీదే పడతాయి. ‘కొన్నాళ్లు ఆపుతున్నాను’ అంటే చాలు. నాన్నగారికి సంక్రాంతికి వినిపించే ఆలోచన పూర్తిగా మానుకోండి. తోడబుట్టిన చెల్లెలి ముందు కూర్చుని, తాను అనని మాటలు తన గొంతుగా విని మురిసిపోయే అవస్థ ఆయనకీ వద్దు. బావ ఏమీ అనలేదని రాశారు. ఆయన వాళ్ల నాన్న సంగతి, తల్లి ఎప్పుడు చెప్పాలనుకుంటే అప్పుడు చెబుతుంది. మీరు మధ్యలో దూరకండి.

అత్తయ్య బాధపడితే నోటు పుస్తకాలన్నీ పొయ్యిలో పెట్టేస్తానన్నారు. వద్దు. అలా చేస్తే ఆ పాపం కూడా ఆవిడ నెత్తినే వేసినట్టు. మీ చేతిలో నిజమైన విద్య ఉంది. పెళ్లయి పిల్లల్ని పెంచుతూ ఇన్ని పేజీలు రాసిన ఆడపిల్ల దాన్ని ఎవరి కోసమూ చంపుకోకూడదు. ఆవిడ ‘వద్దు’ అంటే ఈ కథ ఒక్కటి మానెయ్యండి. కోనసీమలో కథలకేం కరువు? ‘సరే’ అంటే, ఏడో భాగం మళ్లీ మొదటి నుంచి రాయండి, ఈసారి ఆవిడ కళ్లలోంచి. అన్న కన్నీళ్లు తుడుచుకోనక్కర్లేదు. ఒడ్డు వచ్చేదాకా నీళ్ల వైపు తిరిగి నిలబడ్డ మనిషి చాలు. సిగ్గుపడ్డాడో, కోపమో, ఏం మాట్లాడాలో తెలియలేదో. అది ఆయన్నే అడగొచ్చు, కాకపోతే అత్తయ్య ఒప్పుకున్నాక.

ఆవిడ దగ్గరికి రాత్రి భోజనాలయ్యాక వెళ్లండి. ఫోన్ వంటింట్లో పెట్టేసి వెళ్లండి, నోటు పుస్తకం అసలే వద్దు. కోడలిలా నిలబడి మాట్లాడకండి, మంచం పక్కన కింద కూర్చోండి. ‘అత్తా, నువ్వు చెప్పింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. తప్పయిపోయింది. పంటు మీద ఏమయిందో చెప్పు’ అనండి. ఏమీ చెప్పకపోతే బతిమాలకండి. ఆవిడ దారపుండ అందుకుని, మీరూ ఒక సూది తీసుకుని అల్లండి. మర్నాడు కూడా వెళ్లండి.