నవంబరులో స్కీర్మొన్నికోఖ్ దీవిలో రెండు రాత్రులు

నవంబరులో మూడు రోజుల సెలవు దొరికిందనీ, కారు లేదనీ, చలికాలంలో దంపతులిద్దరూ చిన్న డచ్ దీవికి వెళ్తే డబ్బు దండగ అవుతుందేమోననీ మీరు అడిగారు. మేము ఆమ్‌స్టర్‌డామ్ పక్కనున్న ఆమ్‌స్టెల్‌వేన్‌లో ఉంటాము. రెండేళ్ళ క్రితం నవంబరు నడుమ నేనూ నా భార్యా నెదర్లాండ్స్ ఉత్తర తీరాన ఉన్న స్కీర్మొన్నికోఖ్ దీవిలో రెండు రాత్రులు గడిపాము కనుక నమ్మకంగా చెప్పగలను: తప్పక వెళ్ళండి, కానీ ఒక్క రాత్రికి మాత్రం వెళ్ళకండి.

అందుకు కారణం గాలి. మేము దిగిన రోజున వానతో కలిసిన పడమటి గాలి ఎంత బలంగా వీచిందంటే, అద్దెకు తీసుకున్న సైకిళ్ళను ఎక్కలేక, వాటిని తోసుకుంటూ బసకు చేరాము. మరునాడు ఆకాశం తేటపడింది. ఆ ఒక్క రోజు కోసమే మళ్ళీ వెళ్ళాలని ఇద్దరికీ ఉంది.

కారు లేకపోవడం ఇక్కడ లోటే కాదు, సందర్శకుల కార్లను దీవిలోకి అనుమతించరు. రైలులో ఉత్తరాన ఉన్న గ్రోనింగెన్ నగరం చేరి, అక్కడి నుంచి సుమారు గంట బస్సులో లౌవర్సోఖ్ రేవుకు వెళ్తే, ఫెర్రీ 45 నిమిషాలలో దీవికి చేరుస్తుంది. చలికాలంలో ఫెర్రీలు తక్కువ, గాలివానకు వేళలు మారుతుంటాయి. తిరుగు ప్రయాణం నాడు వేరే పనులు పెట్టుకోకండి.

దీవిలో ఉన్నది ఒక్కటే ఊరు, జనాభా వెయ్యికి లోపు. ఒకప్పుడు ఇది బూడిదరంగు దుస్తుల సిస్టర్షియన్ అనే క్రైస్తవ సన్యాసుల భూమి, దీవి పేరు కూడా వారి నుంచే వచ్చింది. 1989 నుంచి ఇది జాతీయ ఉద్యానం. నేను భీమిలి ఒడ్డున పెరిగాను. అక్కడ నాలుగడుగులు వేస్తే కెరటం కాళ్ళను తాకుతుంది. ఇక్కడ ఇసుకదిబ్బలు దిగిన తరువాత నీటి అంచు చేరడానికి మాకు పావుగంట పట్టింది, ఆ దారి పొడుగునా మరో మనిషి కనిపించలేదు.

దక్షిణాన, దీవికీ ప్రధాన భూభాగానికీ మధ్య ఉన్న లోతు తక్కువ వాడెన్ సముద్రం వైపు వెళ్ళేముందు పోటు వేళ చూసుకోండి. ఆటు సమయంలో పక్షులు దూరాన బురదనేల మీద చెదిరి ఉంటాయి; పోటు వచ్చి ఆ నేల మునగగానే గుంపులుగా గట్టు దగ్గరకు చేరుతాయి. రష్యా ఉత్తర ప్రాంతాల నుంచి చలికాలం గడపడానికి వచ్చే పెద్ద బాతులు పచ్చికమీద వందలుగా వాలి ఉన్న ఆ దృశ్యం వేసవిలో వెళ్ళేవారికి దొరకదు. బురదలో నడిచే సాహసం మాత్రం మీ అంతట మీరు చేయకండి.

సూర్యోదయం ఎనిమిది ప్రాంతాన, అస్తమయం నాలుగున్నర ప్రాంతాన. కాబట్టి నడక పగలే ముగించుకుని సాయంత్రాలు ఇంట్లో గడిపేలా, వంటగది ఉన్న బస తీసుకోండి. మేము వెళ్ళినప్పుడు చాలా భోజనశాలలు మూసి ఉన్నాయి. ఊళ్ళోని దుకాణంలో కూరగాయలు కొని, వెంట తెచ్చుకున్న కందిపప్పుతో వండుకున్నాము.

వీలైతే ఊరి బయట ఇసుకదిబ్బల మధ్య ఉన్న ఫ్రేడెన్‌హోఫ్ శ్మశానవాటికకు కూడా వెళ్ళండి. సముద్రం ఒడ్డుకు చేర్చిన నావికులనూ, ప్రపంచయుద్ధాలలో మరణించిన ఇరుపక్షాల సైనికులనూ అక్కడ పక్కపక్కనే పూడ్చారు. కొన్ని రాళ్ళ మీద పేరు లేదు. నా భార్య ప్రతి రాయి ముందూ ఆగింది.