రెండు ఊళ్ళ చీటీలు, ఒకటే మందు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కొలెస్ట్రాల్ బిళ్ళల గురించే ఎక్కువ ఉన్నాయి. అందుకని షుగర్, థైరాయిడ్ వాళ్ళు కోప్పడకండి, మీ వంతు వచ్చే నెల.

ప్రశ్న: డాక్టర్ గారూ నమస్తే, మాది పర్లాకిమిడి. మా అత్తగారికి 63 ఏళ్ళు, రెండేళ్ళ కిందట విశాఖలో గుండెకి స్టెంట్ వేశారు, అప్పట్నుంచి రాత్రిపూట ఒక గొట్టం మాత్ర వేసుకుంటున్నారు. మొన్నామధ్య షుగర్ చూపిద్దామని బరంపురం తీసుకెళ్తే అక్కడ డాక్టర్ గారు కొలెస్ట్రాల్‌కి అని ఇంకో బిళ్ళ రాశారు, పాత చీటీ మేం పట్టుకెళ్ళలేదు, తప్పు మాదే. ఇప్పుడు రెండూ వేస్తున్నాం. నెల రోజుల్నుంచి పిక్కలు తొడలు పట్టేస్తున్నాయంటున్నారు, మెట్లెక్కడం కష్టమవుతోంది, వయసు కదా అని ఊరుకున్నాం. స్ట్రిప్పుల ఫోటోలు పంపిస్తున్నా, ఒకసారి చూడండి.

జవాబు: చూశానమ్మా. ముందు చెయ్యాల్సింది చెప్తా, ఎందుకన్నది తర్వాత. ఈ పత్రిక మీ చేతికొచ్చేదాకా ఆగడం మంచిది కాదని మీకు విడిగా మెసేజ్ కూడా పెట్టాను, మిగతా వాళ్ళకి కూడా పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నా. విశాఖ గొట్టం మాత్రలో మూడు మందులు కలిపి ఉన్నాయి, ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, అటోర్వాస్టాటిన్. బరంపురం బిళ్ళ రోసువాస్టాటిన్ 10. అంటే ఆవిడకి కొలెస్ట్రాల్ మందు రెండు పేర్లతో రెండుసార్లు పడుతోంది. అలాగని కంగారుపడి ఆ గొట్టం మాత్ర మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు, స్టెంట్‌లో రక్తం గడ్డకట్టకుండా చూసేది అందులో ఉన్న మిగతా రెండు మందులే. కొత్తగా వచ్చిన రోసువా బిళ్ళ పక్కన పెట్టి, తెల్లారగానే ఇద్దరు డాక్టర్లలో ఎవరు దొరికితే వాళ్ళకి ఫోన్ చేసి రెండు స్ట్రిప్పుల మీద పేర్లు చదివి వినిపించండి, ఏది ఉంచాలో ఎంత డోసో వాళ్ళు చెప్తారు. నొప్పి ఒక్కటే కాదు మెట్లెక్కలేకపోతున్నారు అన్నారు కాబట్టి సీకే అని ఒక రక్తపరీక్ష చేయించాలి, కండరం దెబ్బతింటే పెరిగేది అది. దాంతోపాటు కిడ్నీకి క్రియాటినిన్, థైరాయిడ్, డి విటమిన్ కూడా చూస్తే మంచిది, ఎందుకంటే థైరాయిడ్ తక్కువున్నా డి విటమిన్ తక్కువున్నా ఇవే పిక్కలు ఇలాగే పట్టేస్తాయి, పైగా అలాంటి వాళ్ళకి ఈ బిళ్ళలతో నొప్పులొచ్చే అవకాశం ఇంకొంచెం ఎక్కువ. ఒక్క సంగతి, మూత్రం టీ డికాషన్ రంగులో వస్తే మాత్రం పొద్దు పొడిచేదాకా ఆగకుండా అర్ధరాత్రైనా సరే ఆసుపత్రికి తీసుకెళ్ళండి. చాలా అరుదే, కానీ కండరం కరిగి కిడ్నీ మీద పడ్డం అంటే అదే.

ఇంక పేర్ల సంగతి. స్ట్రిప్పు మీద పెద్దక్షరాల్లో ఉండేది కంపెనీ పెట్టుకున్న పేరు, అది వందరకాలు. దాని కింద సన్నగా ఉండేదే అసలు మందు. ఆ సన్న పేరు చివర స్టాటిన్ అని ఉంటే, అటోర్వా, రోసువా, సిమ్వా, పిటావా ఏదైనా సరే, అవన్నీ అన్నదమ్ములు, ఇంట్లో ఒకరే ఉండాలి. (నోట్లో ఫంగస్ తెల్లపూతకి రాసే నిస్టాటిన్ మాత్రం ఈ వంశం కాదు, పేరు కలిసింది అంతే.) ఎజెటిమైబ్ అని ఇంకోటి ఉంటుంది, అది వేరే దారిలో పనిచేస్తుంది, స్టాటిన్ ఒక్కటే చాలనప్పుడు కావాలనే జతగా ఇస్తారు, అది చూసి డబల్ పడిందని తీసెయ్యకండి.

1936లో ఒడిశా వేరే రాష్ట్రమైంది గానీ మన జబ్బులు పాతపట్నం దగ్గర ఆంధ్ర సరిహద్దు దాటి అటూ వెళ్తాయి, గుండెకి విశాఖ, షుగర్‌కి బరంపురం, జ్వరమొస్తే మన వీధి మెడికల్ షాపు, గవర్నమెంట్ ఆసుపత్రికెళ్తే నిరామయ (ఒడిశా ప్రభుత్వ ఉచిత మందుల పథకం) కౌంటర్లో ఉచితంగా ఇచ్చేవి మళ్ళీ వేరే పేరుతో ఉంటాయి. ఒకరు రాసింది ఇంకొకరికి తెలీదు. చీటీ పోతే పోనివ్వండి, మందులన్నీ, తైలాలు పొడులతో సహా, ఒక సంచిలో వేసి ఎక్కడికెళ్ళినా ఆ సంచి పట్టుకెళ్ళి బల్ల మీద కుమ్మరించండి, ఏ డాక్టరూ కోప్పడడు, కోప్పడితే పడనివ్వండి.

ప్రశ్న: రాయగడ నుంచి, వయసు 48. ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 168 ఉంటే అటోర్వా 20 ఇచ్చారు. మూడు నెలల తర్వాత చూస్తే 82కి వచ్చింది, నార్మలే కదా అని ఆపేశాను. మా ఫ్రెండ్ కూడా ఇది లివర్ పాడుచేస్తుంది షుగర్ తెప్పిస్తుంది జీవితాంతం బానిసైపోతావు అన్నాడు. వేసుకున్నన్నాళ్ళు నాకూ ఒళ్ళు నొప్పులుగానే ఉండేది. ఆపితే తప్పా?

జవాబు: తప్పనను గానీ బోరు మోటారు ఆపేసి ట్యాంకు నిండే ఉందిగా అన్నట్టుంది. 82 అనేది బిళ్ళ వేసుకుంటే వచ్చిన నంబరు. కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం మనం తిన్నది కాదు, లివర్ తనే తయారుచేస్తుంది, ఆ తయారీలో ఒక ఎంజైముని ఈ మందు అడ్డుకుంటుంది, దాంతో లివర్ తనకి కావాల్సింది రక్తంలోంచి లాక్కుంటుంది. బిళ్ళ మానేసిన కొద్ది వారాల్లో మళ్ళీ పాత చోటికే వస్తుంది, కావాలంటే ఇప్పుడు టెస్ట్ చేయించుకుని చూడండి. మందు మొదటిసారి దొరికింది ఎక్కడో తెలుసా, బియ్యానికి పట్టిన బూజులో. అకిరా ఎండో అని జపాన్ శాస్త్రవేత్త 1970ల మొదట్లో వేలకొద్దీ బూజులు వెతికి వెతికి పట్టుకున్నాడు, ఈ కుటుంబంలో మొదటి మందు 1987లో అమెరికాలో అమ్మకానికొచ్చింది. అంటే దాదాపు 40 ఏళ్ళుగా కోట్లమంది మింగుతున్న మందు, దీని మంచిచెడ్డలు మనకి బాగానే తెలుసు.

లివర్ గురించి మీ ఫ్రెండ్ చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు, పెంచి చెప్పాడు. మొదలుపెట్టే ముందు ఒకసారి లివర్ టెస్ట్ చేస్తాం, తర్వాత అవసరాన్ని బట్టి చూస్తాం, ఎంజైములు పైహద్దుకి మూడు రెట్లు దాటి అలాగే ఉంటే అప్పుడు తగ్గించడమో ఆపడమో. కొంచెం పెరిగితే చాలాసార్లు వాటంతటవే దిగుతాయి. కళ్ళు పచ్చబడినా, తిండి సయించకపోయినా, కుడివైపు డొక్కలో నొప్పొచ్చినా వెంటనే చెప్పాలి. రోజూ సారా పడుతుంటే అది కూడా సిగ్గుపడకుండా చెప్పండి, నేనేమీ ఇంట్లో చెప్పను. షుగర్ మాట కొంత నిజమే, ఎప్పుడో రాబోయే షుగర్ కాస్త ముందొస్తుంది కొందరిలో, ముఖ్యంగా బోర్డర్‌లో ఉన్నవాళ్ళకి, పెద్ద డోసుల్లో. కానీ గుండెపోటు ముప్పు ఉన్నవాళ్ళకి మందు వల్ల వచ్చే లాభం దానికంటే చాలా ఎక్కువ.

ఒళ్ళునొప్పుల మీద ఒక తమాషా పరీక్ష జరిగింది, 2020లో బయటికొచ్చింది. నొప్పులొస్తున్నాయని స్టాటిన్ మానేసిన 60 మందిని తీసుకుని లండన్‌లో ఏడాది పాటు ఒక నెల అసలు బిళ్ళ, ఒక నెల మందు లేని ఉత్తి బిళ్ళ, ఒక నెల ఏమీ లేకుండా, ఇలా కలిపి ఇచ్చారు, ఏ బిళ్ళ ఏదో వాళ్ళకి చెప్పలేదు. అసలు బిళ్ళ నెలల్లో ఎంత బాధ రాసుకున్నారో ఉత్తి బిళ్ళ నెలల్లోనూ అందులో సుమారు 90 శాతం రాసుకున్నారు. నొప్పి అబద్ధమని కాదు, నొప్పి నిజమే, కారణం బిళ్ళ కాకపోవచ్చు అంతే. నిజంగా పడకపోతే డోసు తగ్గించొచ్చు, రకం మార్చొచ్చు, దారులు బోలెడున్నాయి, కాబట్టి మానేసిన సంగతి మీ డాక్టర్‌కి చెప్పండి. ఆయన మీరు వేసుకుంటున్నారనుకుని లెక్కలు వేస్తూ ఉంటాడు.

ప్రశ్న: గుణుపురం. రాత్రే వేసుకోవాలా? ఒక్కోరోజు రైల్లో వస్తూ నిద్రపోతా, మర్చిపోతా. పొద్దున్నే రెండు వేసుకోవచ్చా?

జవాబు: రెండు వద్దు. అటోర్వా, రోసువా ఏ పూటైనా ఒకటే, తిన్నాకైనా తినకముందైనా, మీకు గుర్తుండే పూట పెట్టుకోండి, టూత్‌బ్రష్ పక్కన పెట్టుకుంటే ఇంకా మంచిది. సిమ్వా మాత్రం రాత్రే. మర్చిపోతే గుర్తొచ్చినప్పుడు వేసుకోండి, తర్వాతి బిళ్ళ టైము దగ్గరపడిందంటే, అంటే 12 గంటలు కూడా లేకపోతే, పోయింది పోయిందనుకోండి.

ప్రశ్న: జయపురం నుంచి సార్. తొడల్లో తామర, షాపులో అడిగితే ఒక క్యాప్సూల్ ఇచ్చాడు, నెల వాడమన్నాడు. నేను అటోర్వా 40 వాడుతున్నా. ఏమైనా అవుతుందా? గ్యాస్ సిరప్ కూడా తాగుతుంటా.

జవాబు: అడిగారు, బతికించారు. మీరు పంపిన పేరు ఇట్రాకొనజోల్. లివర్లో అటోర్వాని ఖర్చుచేసే దారిని అది మూసేస్తుంది, 40 వేసుకుంటే ఒంట్లో అంతకు కొన్ని రెట్లు వేసుకున్నట్టు పేరుకుంటుంది, కండరాల దెబ్బ చాలావరకు ఇలాంటి జతల్లోనే చూస్తాం. తామరకి పూత మందుతో సరిపోతుందేమో ముందు చర్మం డాక్టర్‌కి చూపించండి, క్యాప్సూల్ తప్పదంటే అన్నాళ్ళూ అటోర్వా ఏం చెయ్యాలో గుండె డాక్టర్ చెప్పాలి, షాపతను కాదు. ఇలాంటివే ఇంకొన్ని ఉన్నాయి, గొంతుకి ఛాతీకి రాసే క్లారిత్రోమైసిన్, ఎరిత్రోమైసిన్ (అజిత్రోమైసిన్‌తో ఈ గొడవ పెద్దగా ఉండదు), బీపీకి వాడే వెరాపమిల్, డిల్టియాజెమ్, కొవ్వుకే ఇచ్చే జెమ్‌ఫైబ్రోజిల్, గౌట్‌కి (యూరిక్ యాసిడ్ వల్ల వచ్చే కీళ్ళనొప్పికి) ఇచ్చే కోల్చిసిన్. టీబీ మందుల్లో రిఫాంపిసిన్ ఉల్టా, అటోర్వా పనిని తగ్గించేస్తుంది. గ్రేప్‌ఫ్రూట్ రసం లోటాలకొద్దీ తాగొద్దంటారు, మన పంపరపనస దానికి దగ్గర చుట్టమే, ఎప్పుడో నాలుగు తొనలకి ఏం కాదు గానీ రోజూ రసం పెట్టుకోకండి. గ్యాస్ సిరప్ సంగతి, మీది అటోర్వా కాబట్టి పెద్ద భయం లేదు, రోసువా వాడేవాళ్ళు మాత్రం బిళ్ళ వేసుకున్న రెండు గంటల తర్వాతే సిరప్ తాగాలి.

ప్రశ్న: కోరాపుట్, వయసు 28. మా నాన్నకి 41కే హార్ట్ ఎటాక్. నాకు ఎల్‌డీఎల్ 215, రోసువా వాడుతున్నా. వచ్చే ఏడాది పిల్లలు కావాలనుకుంటున్నాం.

జవాబు: ముందే అడగడం మంచిపని చేశారు. కడుపుతో ఉన్నప్పుడు, పాలిచ్చేటప్పుడు మామూలుగా స్టాటిన్ ఆపుతాం, ఎప్పుడు ఆపాలి ఎప్పుడు మళ్ళీ మొదలెట్టాలి అన్నది గుండె డాక్టర్, గైనిక్ డాక్టర్ కలిసి చెప్తారు. అనుకోకుండా నెల తప్పితే కంగారుపడి కడుపు తీయించుకోవాలనుకోకండి, బిళ్ళ ఆపి వెంటనే చూపించుకోండి. 190 దాటిందంటే, పైగా నాన్నగారికి అంత చిన్నవయసులో వచ్చిందంటే ఇది తిండి వల్ల వచ్చింది కాకపోవచ్చు, వంశంలో వచ్చేదే అయ్యుండొచ్చు. మీ అన్నదమ్ములు అక్కచెల్లెళ్ళు కూడా ఒక్క లిపిడ్ (కొలెస్ట్రాల్) టెస్ట్ చేయించుకోవాలి, సన్నగా ఉన్నాం మాకెందుకు అంటారు, సన్నగా ఉన్నా సరే.

ప్రశ్న: పర్లాకిమిడి. నాన్న బిళ్ళే అమ్మ కూడా రోజూ ఒకటి వేసుకుంటోంది, ఇద్దరికీ ఉన్నది కొవ్వే కదా అంటుంది. పొద్దున్నే వెల్లుల్లి కూడా నములుతోంది. ఎలా ఆపాలి?

జవాబు: వెల్లుల్లి నమలనివ్వండి, చోడి అంబలి తాగనివ్వండి, అరిసెలు కాస్త తగ్గిస్తే ఇంకా మంచిది, కాకపోతే అవేవీ బిళ్ళకి బదులు కావు. నాన్నగారి బిళ్ళ మాత్రం ఆపించండి. ఆయన డోసు ఆయన గుండె చూసి రాసింది, అమ్మగారికి థైరాయిడ్ ఉందేమో, కిడ్నీ ఎలా ఉందో, ఏ మందులు వాడుతున్నారో ఎవరూ చూడలేదు. పైగా నెలకి తెచ్చిన బిళ్ళలు పదిహేను రోజులకే అయిపోయి నాన్నగారు సగం రోజులు ఖాళీగా ఉంటున్నారేమో ఒకసారి స్ట్రిప్పులు లెక్కపెట్టండి. అమ్మగారికి లిపిడ్, థైరాయిడ్, షుగర్, లివర్, క్రియాటినిన్ టెస్టులు చేయించి, నాన్నగారి స్ట్రిప్పు కూడా పట్టుకుని దగ్గర్లో డాక్టర్‌కి చూపించండి. ఆవిడకి అసలు మందు అక్కర్లేదని తేలినా తేలొచ్చు. రిపోర్టులొచ్చాక మళ్ళీ రాయండి.