ఒకే పేరున్న తాతల్ని విడదీయాలంటే నాయనమ్మల పేర్లు అడగండి

వంశవృక్షం రాస్తుంటే ఒకే పేరున్న తాతలు ఇద్దరు ముగ్గురు తగులుతున్నారు, ఎవరెవరో ఎలా తేల్చాలి అని అడిగారు. తండ్రి పేరు చూసుకోమని అందరూ చెబుతారు. మా గుంటూరు వైపు ఆ సలహా పనికిరాదు. తాత పేరు మనవడికి పెట్టే ఇళ్లలో వెంకయ్య కొడుకు సుబ్బయ్య, ఆ సుబ్బయ్య కొడుకు వెంకయ్య, మళ్లీ ఆ వెంకయ్య కొడుకు సుబ్బయ్య. తాతకూ మనవడికీ పేరూ ఒకటే, తండ్రి పేరూ ఒకటే, ఇంటిపేరూ గోత్రమూ ఎటూ ఒకటే. వేరుగా ఉండేది భార్య పేరు.

మా ఇంట్లో అచ్చం ఇదే చిక్కు వచ్చింది. బ్రాడీపేటలో మా మేనత్త ఇంటి అటక మీద ట్రంకు పెట్టెలో ఒక దస్తావేజు నకలు దొరికింది. మామూలు కాగితం మీద రాసుకున్నది కాబట్టి స్టాంపు లేదు. ఉంటే విక్టోరియా రాణి బొమ్మా, మూడు సింహాలా అని చూసి కాలం చెప్పేవాళ్లం. ఇంగ్లీషు తేదీ ఉండాల్సిన అంచు చెదలు తినేసింది. మిగిలింది మన్మథ నామ సంవత్సరం. తెలుగు సంవత్సరాలు 60 ఏళ్లకోసారి తిరిగొస్తాయి కదా, 1895లోనూ మన్మథే, 1955లోనూ మన్మథే. తాతకూ మనవడికీ ఎడం కూడా ఇంచుమించు అంతే ఉంటుంది! అమెరికాలో ఉన్న మా కజిన్ ఫొటో చూసి, ఇది మన పెదనాన్న సుబ్బయ్య గారిదే అని తేల్చేశాడు.

అది కూతురికి పసుపు కుంకుమల కింద పొలం రాసిచ్చిన కాగితం. అత్తయ్యకు చూపు ఆనదు, నేను చదువుతుంటే వింటోంది. ‘నా భార్య మహాలక్ష్మమ్మ’ అన్న చోటికి రాగానే నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఆవిడ మా నాయనమ్మ రా. మీ పెద్దమ్మ పేరు రాజ్యం కదా! ఇది మా తాత రాసింది" అంది. అంతటితో 1895 అని తేలిపోయింది. పైన కృష్ణా జిల్లా అని ఉంటే కజిన్ బెజవాడ వైపు పొలం అనుకున్నాడు. గుంటూరు జిల్లా ఏర్పడిందే 1904లో, అంతకుముందు మా తెనాలి వైపు ఊళ్లన్నీ కృష్ణా జిల్లావే.

నా బాధల్లా ఏమిటంటే, వంశవృక్షం అని ఫ్రేమ్ కట్టించి హాల్లో పెట్టుకునే వాటిలో ఒక్క ఆడమనిషి పేరుండదు. పిల్లల్ని కన్నవాళ్లని వదిలేసి రాసేది వంశం ఎలా అవుతుంది? ఆడపిల్లల కాగితాలు ముందు చూడండి. పసుపు కుంకుమల దస్తావేజులో తల్లి పేరు, అల్లుడి ఇంటిపేరు, ఊరు, పొలం హద్దులు అన్నీ దొరుకుతాయి. ఏ పొలం ఎవరిదో, ఏం పంట వేశారో రాసే ఊరి లెక్క అడంగల్ చేతికొస్తే అందులోది ఫసలీ సంవత్సరం, అంటే రెవెన్యూ వాళ్ల లెక్క, ఇంగ్లీషు సంవత్సరం కావాలంటే దానికి 590 కలుపుకోండి. పాత కాగితాల్ని మాత్రం దయచేసి లామినేషన్ చేయించొద్దు. వేడికి కాగితం పాడవుతుంది, మళ్లీ ఊడదీయడం ఎవరి వల్లా కాదు.

ఇంట్లో ఎవరికీ ఆ నాయనమ్మ పేరు గుర్తులేకపోతే ఆవిడ పుట్టింటి ఊరు వెళ్లండి. మనం మర్చిపోయినా, ఆడపడుచు పేరు పుట్టింటివాళ్లకి గుర్తుంటుంది.