రికార్డుల కోసం లోనా?

ప్రశ్న: నా వయసు 31. హైదరాబాద్‌లో ఉద్యోగం, చేతికి 82,000 వస్తుంది. అద్దె, ఇంటి ఖర్చులు, ఊళ్లో అమ్మానాన్నలకు పంపేది కలిపి 52,000. టర్న్‌టేబుల్, యాంప్లిఫయర్, స్పీకర్లు కార్డు ఈఎంఐలో కొన్నాను. నెలకు 12,000, ఇంకా పది నెలలుంది. ఎల్పీలకు, అంటే పాటల గ్రామఫోన్ రికార్డులకు, నెలకు 8,000 అవుతుంది. ఇవి కాక కార్డు మీద 1.9 లక్షల బాకీ ఉంటే నెలకు 9,500 కడుతున్నాను. తెలిసినాయన 220 పాత రికార్డులు 3.6 లక్షలకు ఇస్తానంటే 5,000 అడ్వాన్సు ఇచ్చాను. బోనస్ 60,000 పోను 3 లక్షలు పర్సనల్ లోను తీసుకుంటే? అమెరికాలో 2022లో సీడీల కన్నా ఎల్పీలే ఎక్కువ అమ్ముడయ్యాయి కదా, ఇది పెట్టుబడి కాదా?

జవాబు: కాదు. ఆ లోను తీసుకోకండి.

మీరు చెప్పింది నిజమే, 1987 తర్వాత అలా జరగడం అదే మొదటిసారి. కానీ అది కంపెనీలు అమ్మిన కొత్త రికార్డుల లెక్క. మీ బీరువాలోని పాత రికార్డు ధరకు దానితో సంబంధం లేదు. గిరాకీ చూసి కంపెనీలు పాత ఆల్బమ్‌లనే మళ్లీ అచ్చు వేస్తే, వినడానికి కొనేవాళ్లు కొత్తదే తీసుకుంటారు. అట్ట చిరిగినా, గీత పడినా, ఎండకు వంగినా ధర పడిపోతుంది. పైగా రేపు ఆసుపత్రిలో డబ్బు కట్టాల్సి వస్తే 220 రికార్డులు ఆ రాత్రికి ఎవరు కొంటారు?

నన్ను కలవరపెట్టింది మాత్రం మీరు రాయని విషయం. 52,000 ఖర్చులు పోను మిగిలిన 30,000లో 29,500 ఈ సరదాకూ బాకీలకూ పోతోంది. అత్యవసర నిధి సున్నా. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తాయి. ఒకరిది కెమెరా, ఒకరిది బైకు, లెక్క మాత్రం ఇదే. ఉద్యోగం ఒక్క నెల ఆగితే అద్దె కూడా కార్డు మీదకే వస్తుంది.

ఆ కార్డు సంగతి చూడండి. నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ 6,650, దాని మీద 18 శాతం జీఎస్టీ 1,197. మీరు కట్టే 9,500లో అసలుకు చేరేది 1,653 మాత్రమే! బాకీ ఉన్నన్నాళ్లూ కొత్తగా ఏం గీకినా మొదటి రోజు నుంచే వడ్డీ. దీని మీద 14 శాతానికి మూడేళ్ల లోను పెడితే నెలకు ఇంకో 10,250. ఎక్కడి నుంచి తెస్తారు?

బోనస్ 60,000 ఈ నెలే అత్యవసర నిధిగా లిక్విడ్ ఫండ్‌లోనో (త్వరగా డబ్బు వెనక్కి తీసుకోగలిగే మ్యూచువల్ ఫండ్) స్వీప్ ఇన్ ఖాతాలోనో (మిగులు డబ్బు దానంతటదే ఎఫ్‌డీగా మారే బ్యాంకు ఖాతా) వేయండి. కార్డు బాకీ తీర్చాలన్న తొందరలో కూడా దాన్ని కదపొద్దు, లేకపోతే తర్వాత చిన్న అవసరం రాగానే మళ్లీ కార్డే తీస్తారు. బాకీని తక్కువ వడ్డీ ఈఎంఐగా మార్చమని బ్యాంకును అడగండి. 16 శాతానికి ఇచ్చినా, రికార్డులు ఆపి నెలకు 17,500 కడితే ఏడాదిలో తీరుతుంది. సెట్ ఈఎంఐ అయిపోగానే ఆ 12,000 నిధికి మళ్లించండి, కార్డు తీరాక మొత్తం 29,500 అటే. ఆరు నెలల ఖర్చు, అంటే 3.12 లక్షలు, రెండేళ్లలోపే పోగవుతాయి.

టర్మ్ పాలసీ (మీరు పోతే ఇంటివాళ్లకు డబ్బొచ్చే జీవిత బీమా), అమ్మానాన్నలకు ఆరోగ్య బీమా లేకుంటే తీసుకోండి. సిప్‌లు, అంటే మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా పెట్టే పెట్టుబడులు, తర్వాత. నిధి నిండాక నెలకు 3,000కు ఎల్పీలు కొనుక్కోండి, నాకేం అభ్యంతరం లేదు. అప్పు చేయకుండా చేతిలో ఉన్న డబ్బులతో కొనండి, అంతే.

రికార్డులు ఇస్తానన్న ఆయనకు ఈ వారమే వద్దని చెప్పేయండి. 5,000 తిరిగివ్వకపోతే పోనివ్వండి. లోను తీసుకుంటే వడ్డీయే దాదాపు 69,000 అయ్యేది.