అమెరికా అధ్యక్ష ఎన్నికలను మన రొయ్యల ఎగుమతిదారు ఎలా గమనించాలి?

సర్వేల్లో ఎవరు ముందున్నారన్నది టీవీలకు వదిలేయండి. 2024 నవంబరు 5న పోలింగ్, 2025 జనవరి 20న ప్రమాణ స్వీకారం. మన సరుకుపై అమెరికా 25 శాతం సుంకం పడింది 2025 ఆగస్టు 7న, అది 50 శాతమైంది అదే నెల 27న. ఫలితానికీ దెబ్బకీ మధ్య తొమ్మిది నెలలు. సిద్ధపడాల్సింది అప్పుడే.

ప్రచారంలో చూడాల్సింది ఒకటే: అభ్యర్థి చెప్పే పనికి కాంగ్రెస్ (అక్కడి పార్లమెంటు) ఓటు కావాలా, అధ్యక్షుడి సంతకం చాలా? పన్ను చట్టానికి ఓటు తప్పదు. ఈ సుంకాలు మాత్రం సంతకంతోనే వచ్చాయి.

ఉత్తర్వు రాగానే శాతంతో ఆగిపోకుండా తేదీలు చదవండి. ఆగస్టు 27కు ముందే ఓడెక్కి, సెప్టెంబరు 17లోపు అక్కడ క్లియరైన సరుకుకు రెండో 25 శాతం పడలేదు. విశాఖ నుంచి ఓడకు మామూలుగా నెల పైనే పడుతుంది. ఆగస్టు చివర్లో ఎక్కించినవారికి ఆ మినహాయింపు కాగితం మీదే మిగిలింది.

ఎక్కువమంది బోల్తాపడేది ఒప్పందం దగ్గర. సుంకం కట్టాల్సింది దిగుమతిదారే అయినా, డీడీపీ పద్ధతిలో, అంటే సుంకంతో సహా అన్నీ మీరే కట్టి సరుకు చేర్చే పద్ధతిలో అమ్మితే ఆ బిల్లు మీదే. కోటి రూపాయల సరుకుకు అప్పటి 50 శాతం లెక్కన అరకోటి; లాభం అటుంచి, చెరువు రైతుకిచ్చిన డబ్బే తిరిగిరాదు. ఎన్నికల ఏడాదిలో ఎఫ్‌ఓబీకి మారండి; అందులో సరుకు ఇక్కడ ఓడెక్కించడంతో మీ బాధ్యత తీరిపోతుంది. కొనేవాడు ఒప్పుకోకపోతే, సుంకం మారితే ధర మళ్లీ మాట్లాడుకోవాలన్న షరతైనా రాయించండి. లెక్క వేసేటప్పుడు యాంటీ డంపింగ్ సుంకాన్ని (మరీ చౌకగా అమ్ముతున్నారని వేసేది) విడిగా కలపండి, అది దీనికి అదనం.