రక్త నమూనా ఫ్రిజ్‌లో పెట్టకపోతే కేసు కొట్టేస్తారా?

ప్రశ్న: ఏప్రిల్‌లో నాపై మద్యం తాగి బండి నడిపిన కేసు పెట్టారు. ఆసుపత్రిలో తీసిన రక్తం ఆరు రోజులు స్టేషన్ బీరువాలోనే ఉండి, తర్వాత ఫోరెన్సిక్ ల్యాబ్‌కు వెళ్లింది. 100 మి.లీ. రక్తంలో 44 మి.గ్రా. ఆల్కహాల్ ఉందని నివేదిక. ఎండకు రక్తం పులిసి అంత వచ్చిందని వాదించవచ్చా?

జవాబు: వాదించవచ్చు. అయితే ఆలస్యమైందన్న ఒక్క మాట సరిపోదు. నిల్వ ఉన్న రక్తంలో ఆల్కహాల్ పెరగడం కన్నా తగ్గడమే ఎక్కువ. మూత వదులైతే ఆవిరైపోతుంది, వేడికి మెల్లగా రసాయనిక మార్పూ చెందుతుంది. ‘అసలు ఇంకా ఎక్కువే ఉండి ఉంటుంది’ అని ప్రాసిక్యూటర్ అన్నారంటే మన వాదన మన మెడకే చుట్టుకుంటుంది.

పెరగాలంటే ఈస్ట్ లాంటి సూక్ష్మజీవులు నమూనాలో చేరి, రక్తంలోని గ్లూకోజును పులియబెట్టాలి. దాన్ని ఆపడానికే సీసాలో సోడియం ఫ్లోరైడ్ కలుపుతారు. ఆల్కహాల్ పరీక్షకు మిల్లీలీటరు రక్తానికి 10 మి.గ్రా. వేయడం పరిపాటి. షుగర్ పరీక్షకు వాడే బూడిదరంగు మూత సీసాల్లో సాధారణంగా అంత ఉండదు. కాబట్టి ఫ్రిజ్ సంగతి తర్వాత, ముందు ఫ్లోరైడ్ సంగతి తేల్చాలి. రక్తం తీసిన డాక్టరును అడ్డు ప్రశ్నల్లో మూడు విషయాలు అడిగించండి: ఏ సీసా, ఏం కలిపారు, సూది గుచ్చే ముందు చర్మాన్ని స్పిరిట్‌తో తుడిచారా?

తర్వాత కాగితాలు. సీలు వేసిన తేదీ, స్టేషన్ రిజిస్టరులో నమోదు, కానిస్టేబుల్ తీసుకెళ్లిన తేదీ, ల్యాబ్ రసీదు వరుసగా కలవాలి. ప్రభుత్వ ల్యాబ్ నివేదికను నిపుణుడు రాకుండానే కోర్టు సాక్ష్యంగా తీసుకోవచ్చు. ఆయనను పిలిపించే అధికారం కూడా కోర్టుకు ఉంది, భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 329వ సెక్షన్ కింద. మీ న్యాయవాది చేత పిటిషన్ వేయించండి, అడగనిదే ఎవరూ పిలవరు.

మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ పరిమితి 30 మి.గ్రా. మీ అంకె దానికి దగ్గరగా ఉంది కనుక ఈ సందేహానికి కొంత విలువ ఉంది. 180 వచ్చి ఉంటే నేరం ఒప్పుకోవడం గురించి మాట్లాడుకునేవాళ్లం.

ఒక్క విషయం మీరు రాయలేదు. రోడ్డు మీద బ్రీత్ అనలైజర్‌లో ఊదించారా? ఆ చీటీలోనూ 30 దాటి ఉంటే, రక్త నమూనా పక్కకు పోయినా కేసు నిలుస్తుంది. వాదన ఖరారు చేసుకునే ముందు ఆ చీటీ నకలు తెప్పించుకోండి.