మహాబాద్ కుర్దు రిపబ్లిక్ రష్యా ఆడించిన కీలుబొమ్మేనా?

కాదనే నా జవాబు. 1946లో ఇరాన్ వాయవ్య మూలన మహాబాద్ ఊళ్లో కుర్దులు ప్రకటించుకున్న చిన్న రాజ్యం అది. సోవియట్ అండ లేకపోతే అది నిలబడేది కాదు, నిజమే. కానీ ఆ ఆలోచన మాస్కోలో పుట్టలేదు.

నేను ఇరాక్‌లోని కుర్దుల నగరం ఎర్బిల్‌లో ఒక కన్‌స్ట్రక్షన్ సైట్‌లో స్టోర్స్ చూసేవాణ్ణి. మహాబాద్ నుంచి పనికి వచ్చిన ఇరాన్ కుర్దులు మాతో ఉండేవారు. వాళ్లలో ఒక పెద్దాయన, చక్కెర ముక్క పంటి కింద పెట్టుకుని టీ తాగుతూ, వాళ్ల నాన్న కాలం సంగతులు చెప్పేవాడు. రష్యావాళ్లు తమ పొగాకు కొన్నారట, చేతికి డబ్బు కూడా వచ్చిందట. "మరి ఇస్తామన్న ట్యాంకులు?" అని నేనడిగితే, అవి రాలేదని చెయ్యి అడ్డంగా ఊపాడు.

1941 ఆగస్టులో ఉత్తర ఇరాన్‌ను సోవియట్ సేనలు, దక్షిణాన్ని బ్రిటిష్ సేనలు ఆక్రమించాయి. మహాబాద్ ఆ రెంటి మధ్య సందులో పడింది. షా సైన్యం అక్కడ చెదిరిపోయింది. ఆ వెసులుబాటులోనే 1942లో స్థానిక యువకులు కొమలా అనే రహస్య సంఘం పెట్టుకున్నారు. సోవియట్ పెత్తనం బాగా పెరిగింది ఆ తర్వాతే. 1945లో మహాబాద్ పెద్ద, తర్వాత రిపబ్లిక్ అధ్యక్షుడైన ఖాజీ ముహమ్మద్ బృందాన్ని సోవియట్ అజర్‌బైజాన్ రాజధాని బాకూకు పిలిపించి, కొమలాను పక్కనపెట్టి డెమోక్రటిక్ పార్టీ పెట్టమన్నది అక్కడి నాయకుడు బాగిరోవ్. ప్రింటింగ్ ప్రెస్ ఇచ్చారు, తుపాకులిచ్చారు. పక్కనే ఉన్న ఇరాన్ అజర్‌బైజాన్ ప్రాంతంలో భాగంగా ఉండండి అని కూడా ఒత్తిడి చేశారు. కీలుబొమ్మ అయితే ఆ మాట వినాలి కదా! కుర్దులు వినలేదు. 1946 జనవరి 22న చార్‌చిరా కూడలిలో సొంత రిపబ్లిక్ ప్రకటించుకున్నారు.

స్టాలిన్‌కు కావలసింది ఉత్తర ఇరాన్ చమురు. ఇరాన్ ప్రధాని ఖవామ్ ఏప్రిల్‌లో చమురు ఒప్పందానికి ఒప్పుకోగానే, మే నెలకల్లా ఎర్రసైన్యం వెళ్లిపోయింది. డిసెంబర్‌లో ఇరాన్ సైన్యం మహాబాద్‌లోకి వచ్చేసింది. ఖాజీ పారిపోయే వీలున్నా, ఊరి మీద ప్రతీకారం పడకూడదని అక్కడే ఉండిపోయాడు. 1947 మార్చి 31న అదే కూడలిలో ఆయన్ని, తమ్ముణ్ణి, ఇంకో బంధువును ఉరితీశారు. ఇది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు రగిలిపోతుంది. ఆ చమురు మాత్రం సోవియట్‌లకు దక్కలేదు. అదే ఏడాది అక్టోబర్‌లో ఇరాన్ పార్లమెంటు ఆ ఒప్పందాన్ని తోసిపుచ్చింది.

బాకూ సలహాతో పెట్టిన ఆ పార్టీ ఇరాన్‌లో నిషేధంలో ఉన్నా, సోవియట్ యూనియనే కూలిపోయాక కూడా బతికే ఉంది. నాతో పనిచేసినవాళ్లు ఖాజీని ఈనాటికీ 'పేషవా' (నాయకుడు) అనే పిలుస్తారు. వాళ్ల దృష్టిలో ఆ పదకొండు నెలలు రష్యా చరిత్ర కాదు, తమ సొంత చరిత్ర.